పారిస్‌లో కంచు జంతువులు: సోమవారం నుంచి శనివారం దాకా

సోమవారం: ముందు బతికున్న జంతువులు

19వ శతాబ్దపు ఫ్రెంచ్ కంచు జంతువులను చూడాలనుకునేవాళ్లు చాలామంది నేరుగా లూవ్ర్‌కి పరుగెత్తుతారు. ఆ శిల్పులు ఎక్కడ కూర్చుని నేర్చుకున్నారో అక్కడి నుంచి మొదలుపెడితే, తర్వాత మ్యూజియంలో కనిపించేది రెట్టింపవుతుంది. అందుకే మొదటి రోజు ఓస్టర్‌లిట్జ్ స్టేషన్ పక్కనున్న వృక్షోద్యానం, జార్దాన్ దె ప్లాంత్‌కి పెట్టుకున్నాం. విప్లవం రోజుల్లో, 1794లో ఇక్కడ జంతుశాల మొదలైంది. రాజులకు మాత్రమే కనిపించే సింహాలు, ఏనుగులు ఊరి జనానికీ, పెన్సిలు పట్టుకుని వచ్చే కళాకారులకీ అందుబాటులోకి వచ్చాయి.

అలా వచ్చినవాళ్లలో అందరికంటే పెద్దవాడు అంత్వాన్-లూయీ బారీ. ఒక కంసాలి దుకాణంలో చిన్న చిన్న జంతువుల నమూనాలు చేస్తూ బతికినవాడు. తీరిక దొరికితే ఇక్కడికి వచ్చి బొమ్మలు గీసేవాడు, కొలతలు రాసుకునేవాడు. జంతుశాలలో ఏదైనా చనిపోతే కోసి లోపల కండరాలు ఎలా అల్లుకున్నాయో చూసేవాడు. చిత్రకారుడు దెలక్రువా కూడా ఆ పనిలో అతనితో కూర్చునేవాడు. 1854లో ఈ తోటను నడిపే సంస్థ బారీని జంతుచిత్రణ నేర్పే ప్రొఫెసర్‌గా పెట్టుకుంది. 1875లో ఆయన పోయాక ఆ ఉద్యోగం ఎమ్మాన్యుయెల్ ఫ్రెమియేకి వచ్చింది.

తోటలోనే ఉన్న పోల్చిచూపే శరీరశాస్త్ర గ్యాలరీని వదలొద్దు (మంగళవారం మూసేస్తారు). 1898లో తెరిచిన ఈ హాల్లో వందల అస్థిపంజరాలు అన్నీ ఒకే దిక్కుకు నడుస్తున్నట్టు నిలబెట్టి ఉంటాయి. సింహం ముందు ఆగి భుజం ఎముక చూడండి. పిల్లి జాతికి మెడ ఎముక నామమాత్రం. భుజఫలకం పక్కటెముకలకు కండరాలతోనే వేలాడుతుంది. అందుకే పులి బరువంతా ముందు కాలి మీద వేసినప్పుడు ఆ వైపు భుజం వెన్ను గీతను దాటి పైకి లేస్తుంది, రెండోది కిందికి జారుతుంది. బారీ చేసిన 'నడిచే పులి'లో, 'నడిచే సింహం'లో ఈ ఎగుడుదిగుడు కచ్చితంగా ఉంటుంది. చూసి కాపీ కొట్టినవాళ్ల బొమ్మల్లో రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉంటాయి. అసలు ఏదో, అనుకరణ ఏదో తేల్చడానికి ఇదొక మంచి గుర్తు.

గ్యాలరీ ప్రవేశంలో ఫ్రెమియే పాలరాతి ఒరాంగుటాన్ మనిషిని గొంతు నులుముతూ ఉంటుంది. తోటలో ఆయనదే కంచు శిల్పం మరొకటి, 1884 నాటిది: ఎలుగు పిల్లను చంపి నడుముకు కట్టుకున్న వేటగాణ్ని తల్లి ఎలుగు వాటేసి నలిపేస్తోంది. కథ ఉత్కంఠగా ఉంది కానీ, పని తెలిసిన కళ్లు చూడాల్సింది బయట గాలికి, వానకు కంచు ఏమవుతుందన్నది. వాన నీరు జారే చోట్ల లేత ఆకుపచ్చ చారలు. తడి తగలని మడతల్లో నల్లటి పొర. బొగ్గు పొగలోని గంధకం, తేమ కలిసి రాగిని తినడం వల్ల వచ్చే రంగులివి. శిల్పి కోరుకున్న వెలుగునీడలకు వీటితో సంబంధం లేదు, కొన్నిచోట్ల తిరగబడతాయి కూడా: నీడలో ఉండాల్సిన గుంట తెల్లగా, మెరవాల్సిన ఎత్తు నల్లగా కనిపిస్తుంది. బయటి కంచును చూసి బొచ్చు పనితనం మీద తీర్పు ఇవ్వకూడదు.

రూ జొఫ్రువా-సెంత్-ఇలేర్ వైపు గేటు దగ్గర జాక్‌మార్ చేసిన సింహాల ఫౌంటెన్ ఉంది. ఒక సింహం మనిషి పాదాన్ని వాసన చూస్తోంది. పిల్లలు ఆ పాదాన్ని కనిపెట్టి కేకలేస్తారు.

సాయంత్రం నది దాటి ఇల్ సెంత్-లూయీ తూర్పు కొసకి నడిచాం. అక్కడి చిన్న పార్కు పేరే స్క్వేర్ బారీ. 1894లో పెట్టిన ఆయన స్మారకం ఇక్కడ ఉంది. డబ్బులో పెద్ద భాగం అమెరికా నుంచి వచ్చింది. కంచు భాగాలు జర్మన్ల ఆక్రమణ కాలంలో కరిగిపోయాయి. 1941 అక్టోబర్ 11న, జర్మన్లతో సహకరించిన విషీ ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం దేశమంతా కంచు విగ్రహాలను పీకి, లోహం కోసం తీసుకెళ్లారు. రాతి గుంపులు మాత్రం మిగిలాయి. పైన ఉన్న గ్రీకు వీరుడు థీసియస్, సగం మనిషి సగం గుర్రమైన సెంటార్ పోరు 2011లో కొత్తగా పోతపోసి పెట్టినది. 19వ శతాబ్దపు పెద్ద కంచు జంతువుల్లో ఎన్నో ఇవాళ కనబడకపోవడానికి కారణం ఆ చట్టమే.

చీకటి పడకముందు బస్తీల్ చౌరస్తా చేరితే 1840 నాటి జులై స్తంభం అడుగున బారీ సింహం కనిపిస్తుంది. గోడకు అతికిన బొమ్మలా కాక, చట్రంలోంచి నడిచి వెళ్తున్నట్టు ఉంటుంది. మూలల్లోని కోడిపుంజులు కూడా ఆయనవే.

మంగళవారం: ఇనుము, కంచు పక్కపక్కన

ఇవాళ లూవ్ర్ సెలవు. ఓర్సే మ్యూజియం తెరిచే ఉంటుంది (దానికి సోమవారం సెలవు). టికెట్ లేకుండా ముంగిట్లోనే మూడు పెద్ద జంతువులున్నాయి: జాక్‌మార్ ఖడ్గమృగం, ఉచ్చులో చిక్కినట్టు ఫ్రెమియే చేసిన గున్న ఏనుగు, రుయార్ గుర్రం. 1878 ప్రపంచ ప్రదర్శన కోసం త్రొకదేరో భవనం ముందు పెట్టినవి. చాలామంది వీటిని కంచు అనుకుని ఫొటోలు తీసుకుంటారు. మూడూ పోత ఇనుము.

తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. చలికాలంలో పగిలిన పెయింటు కింద తుప్పు రంగు కనిపిస్తే ఇనుము. అతుకు వెంట సన్నటి గీత, బోల్టు తలలు ఇనుములో దాచడం కష్టం, ఎందుకంటే కంచులా దాన్ని సుత్తితో కొట్టి కలిపేయలేరు, పెళుసుగా చిట్లుతుంది. ఇనుము చవక, మూసలో చక్కగా పారుతుంది, అందుకే ఇంత పెద్ద ప్రదర్శన జంతువులకు దాన్ని ఎంచుకున్నారు. పైన రంగో, బంగారు పూతో లేకపోతే బతకదు. ఏనుగు తొండం మడతలు చూడండి: మడత అడుగున గీత పదునుగా లేదు, గుండ్రబడింది. సగం పోతలోనే అలా వచ్చింది, మిగతా సగం పొరలు పొరలుగా వేసిన పెయింటు పుణ్యం.

అక్కడి నుంచి వంతెన దాటి త్విలెరీ తోటలోకి వెళ్తే ఓగుస్త్ కేన్ కంచు గుంపులు దొరుకుతాయి: పులి మొసలిని అణిచివేస్తోంది, ఆడపులి పిల్లలకు నెమలిని తెచ్చిపెడుతోంది, ఖడ్గమృగాన్ని పులులు చుట్టుముట్టాయి. నెమలి తోక ఈకలను తాకి చూడాలనిపిస్తుంది. అలాంటి పలుచటి, వేలాడే భాగాలు పోతలో అన్నిటికంటే ముందు చెడతాయి. కరిగిన లోహం దూరం ప్రవహించే కొద్దీ చల్లబడుతుంది, కొస చేరకముందే గడ్డకట్టి మొండిగా ఆగిపోతుంది. అందుకే తోకలు, కొమ్ములు, చెవులు విడిగా పోసి తర్వాత బిగిస్తారు.

తోట అంచున, లూవ్ర్ నది వైపు ద్వారం దగ్గర, కూర్చున్న బారీ సింహాలు రెండు. 1847 నాటి ఒక్క సింహమే ఆయన చేసింది. రెండోది దానికి అద్దంలో ప్రతిబింబం లాంటి నకలు. రెండింటి జూలులో కుచ్చులు ఒక్కొక్కటిగా పోల్చి చూస్తే కుడిఎడమలు మారడం తప్ప ఆలోచన కొత్తది లేదని తేలిపోతుంది. అంతటి శిల్పి బతికుండగా ద్వారానికి రెండో సింహం చెక్కించుకోకపోవడం ఎంత దండగో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది.

బుధవారం: లూవ్ర్, రోజంతా

బుధ, శుక్రవారాల్లో లూవ్ర్ రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంటుంది. టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకుని, మోనాలిసా వైపు వెళ్లే జనాన్ని అటు వదిలేసి, రిషెల్యూ భాగంలో ఫ్రెంచ్ శిల్పాల అంతస్తుకు రండి. సాయంత్రం ఇక్కడ దాదాపు ఎవరూ ఉండరు. టార్చి గానీ ఫోన్ లైటు గానీ శిల్పం మీద వేస్తే కాపలావాళ్లు ఊరుకోరు, కాబట్టి కిటికీ వెలుగు ఉండగానే పెద్దవాటిని చూడాలి.

ముందు పులి. 1831లో, సలోన్ అనే అధికారిక కళా ప్రదర్శనలో బారీ పేరు ఊరంతా మోగించిన గుంపు ఇది: గంగానది మొసలిని తింటున్న పులి. సన్నటి పొడుగు మూతి చూడగానే మన ఘరియాల్ అని గుర్తుపడతాం. శిల్పి భారతదేశం ఎన్నడూ రాలేదు. మ్యూజియంలో భద్రపరిచిన కళేబరాల నుంచి ఆ పొలుసులన్నీ నేర్చాడు. ఈ కంచు పోసినవాడు ఓనోరె గోనోన్. అడుగున చెక్కిన మాటల సారం: ఒకే పోతలో, చెక్కుడు పని లేకుండా, గోనోన్, ఆయన ఇద్దరు కొడుకులు పోశారు, 1832. ఫౌండ్రీవాళ్లు తమ పనిని అంత గర్వంగా చెప్పుకోవడం వెనక కారణం ఉంది.

గోనోన్ చేసింది మైనపు పోత. ఫ్రాన్స్‌లో దాదాపు మరుగున పడిపోయిన ఆ పద్ధతిని ఆయన మళ్లీ లేపాడు. క్రమం ఇదీ. శిల్పి మట్టితో చేసిన బొమ్మ నుంచి ప్లాస్టర్ నమూనా తీస్తారు. దాని చుట్టూ ముక్కలు ముక్కలుగా విడిపోయే అచ్చు కడతారు. ఒక్కో ముక్క లోపలి వైపు కరిగించిన మైనాన్ని కుంచెతో పొరలుగా పూస్తారు, సాధారణంగా 4–5 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా. కంచు గోడ మందం ఇదే అవుతుంది కాబట్టి ఇక్కడ చేయి నిలకడ కావాలి. చదరపు మీటరు ఉపరితలానికి 4 మి.మీ. మందమంటే సుమారు 35 కిలోల లోహం. ఒక్క మిల్లీమీటరు పెరిగితే మరో 9 కిలోలు కూడుతుంది.

అచ్చు ముక్కలు కలిపి, మైనపు తొడుగు లోపలి ఖాళీలో ప్లాస్టర్, ఇటుక పొడి కలిపిన ముద్ద పోస్తారు. ఇదే కోర్. తర్వాత అచ్చు విప్పితే మైనపు పులి బయటికి వస్తుంది. శిల్పి కూర్చుని అతుకు గీతలు తుడిచి, బొచ్చు గీతలు మళ్లీ తన చేత్తో లాగేది ఇప్పుడే. పోతలో వేలిముద్ర కూడా దక్కుతుందని మైనపు పోతను పొగిడేది ఈ మెట్టు వల్లనే. ఆ పైన మైనపు కడ్డీలు అంటిస్తారు: లోహం వచ్చే దారులు కొన్ని, గాలి పోయే దారులు కొన్ని. మైనంలోంచి కోర్ లోపలికి ఇనుప మేకులు దిగ్గొడతారు, సగం బయటికి ఉంచి. మైనం కరిగిపోయాక కోర్ గాల్లో నిలబడేది ఈ మేకుల మీదే. వీటిని తక్కువ పెడితే కోర్ పక్కకు జరిగి, పులి ఒక పక్క కాగితంలా పలచన, మరో పక్క దిమ్మలా మందం అవుతుంది. పలుచని పక్క చిల్లు పడుతుంది, మందమైన పక్క చల్లారేటప్పుడు లోపలికి కుంగుతుంది.

చివరగా బయటి పొర. మొదట జల్లెడ పట్టిన మెత్తటి ముద్దను కుంచెతో, బుడగ లేకుండా. పైన ముతక ముద్దను చేతితో. అంతా కొలిమిలో పెట్టి రోజుల తరబడి మెల్లగా కాలుస్తారు. మైనం కారిపోవాలి, ప్లాస్టర్‌లో దాగిన నీరు కూడా పూర్తిగా పోవాలి. తొందరపడితే మూసలో పగుళ్లు వస్తాయి. పగులులోకి దూరిన లోహం పులి వీపు మీద రెక్కల్లా అంటుకుంటుంది. తడి మిగిలితే ఆవిరి లోహంలోంచి పేలి బుడగల గుంటలు పెడుతుంది, ఒక్కోసారి కరిగిన కంచు పైకి చిమ్ముతుంది. కాలిన మూసను గోతిలో నిలబెట్టి చుట్టూ మట్టి దిమ్మిస చేసి, ఆపకుండా ఒకే ధారగా పోస్తారు. మధ్యలో ధార ఆగితే రెండు ధారలు కలిసిన చోట చల్లటి అతుకు గీత మిగిలిపోతుంది.

ఇదంతా కుదిరితే చెక్కాల్సిన పని లేదు. కుదరకపోతే మైనం పోయింది, నెలల పని పోయింది, ప్లాస్టర్ నుంచి మళ్లీ మొదలు. ఆ ధరకు చిన్న దుకాణదారుడు తట్టుకోలేడు. ఇంత ఖరీదైన పనిని ఓర్లియాన్ యువరాజు తన భోజనాల బల్ల అలంకరణ కోసం బారీకి అప్పగించాడు. ఐదు వేటలు, వాటిలో ఒకటి ఏనుగు మీద నుంచి భారతీయులు ఆడే పులి వేట. వాటిని కూడా గోనోనే పోశాడు. 1837లో సలోన్ న్యాయనిర్ణేతలు వాటిని తిప్పికొట్టారు. పులి వేట ఇప్పుడు అమెరికాలో బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఉంది. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి పారిస్ రాకుండానే గోనోన్ పని చూసే అవకాశం అది.

మన దగ్గర ఆదిలాబాద్ ఓజాలు మైనపు దారాలు చుట్టి చేసే డోక్రా బొమ్మల సూత్రమూ ఇదే, కోర్ ఉంటుంది, మైనం కరిగి పోతుంది. కుంభకోణం దగ్గర స్వామిమలైలో విగ్రహాలు ఎక్కువగా గట్టి పోత, లోపల కోర్ ఉండదు. గోనోన్ పులిని గట్టిగా పోస్తే అంత మందం ఒకేసారి చల్లారక, లోపల గుల్లలు పడి, కాళ్ల దగ్గర చిట్లేది.

పులి పక్కనే పెద్దది: పామును తొక్కిన సింహం. ఎత్తు 1.35 మీటర్లు, పొడవు 1.78. ప్లాస్టర్ 1833 సలోన్‌లో, గోనోన్ పోసిన కంచు 1836లో. చాలా కాలం త్విలెరీ తోటలో ఉండి, 1911లో లోపలికి వచ్చింది. ముంజేతి మీద కండ మెలి చూడండి, పాము మీద గోళ్లు ఎక్కడ బిగిశాయో అక్కడి నుంచి భుజం దాకా ఒకే లాగుడు. బొచ్చు ప్రతి చోటా ఒకేలా లేదు. జూలులో బరువుగా, పొట్ట కింద చిరిగినట్టు, ముఖం మీద ముడతల్లో కలిసిపోయి. చెక్కుడు ఉలి తర్వాత లోహం మీద పడితే ఈ తేడాలు పోయి, అన్నిచోట్లా ఒకే దువ్వెన గీతలు మిగులుతాయి.

ఇప్పుడు అద్దాల బీరువాలకు వెళ్దాం. ఎక్కువమంది దాటిపోయే చోటు ఇది, మాకు మాత్రం లూవ్ర్‌లో అన్నిటికంటే విలువైనది. జాక్ జుబలోఫ్ అనే సేకరణకర్త ఇచ్చిన బారీ నమూనాలు ఇక్కడ ఉన్నాయి. ప్లాస్టర్, మైనం కలిసినవి, కంచు మాతృక నమూనాలు. మాతృక అంటే అమ్మడానికి పోసే ప్రతుల కోసం దాచిపెట్టుకునే కంచు. తల, ఒడలు, కాళ్లు, తోక, పీఠం విడివిడిగా ఊడిపోయేలా చేసి, ఒకదానిలో ఒకటి దూరే కుసులు పెట్టి, బొచ్చంతా ఉలితో పదును చేసి ఉంటుంది. ఇది ఇసుక పోత కోసం.

బారీ 1840ల నుంచి అమ్మిన దాదాపు అన్ని చిన్న కంచులూ ఇసుక పోతే. పారిస్ ఫౌండ్రీలు వాడింది నగరం పక్కనే ఉన్న ఫొంతనే-ఓ-రోజ్ ఇసుక. అందులో సహజంగానే బంకమట్టి ఉంటుంది, గింజ చాలా సన్నం. తడి పరీక్ష ఎక్కడైనా ఒక్కటే: పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, రెండుగా విరిస్తే అంచు తెగినట్టు విరగాలి, అరచేతికి నీరు అంటకూడదు.

మాతృకలో ఒక భాగాన్ని, కాలు అనుకోండి, ఇనుప చట్రంలో పడుకోబెట్టి సగం దాకా ఇసుక దిమ్మిస చేస్తారు. పైకి కనిపించే సగంలో అడ్డం తిరిగిన మడతలుంటే, వాటిని ఒక్కొక్క చిన్న ఇసుక ముక్కగా విడిగా కొట్టి, ఒకదాని పక్కన ఒకటి పేరుస్తారు. లేకపోతే నమూనాను బయటికి లాగేటప్పుడు ఇసుక చీలిపోతుంది. ముక్కల మధ్య అంటుకోకుండా బొగ్గు పొడో, పిండో చల్లుతారు. తిరగేసి రెండో సగం కూడా అలాగే. నమూనా తీసేశాక, అదే ఖాళీలో ఇసుకను మళ్లీ కొట్టి లోపలి కోర్ చేస్తారు. ఆ కోర్‌ను బయటికి తీసి, కావలసిన గోడ మందమంత పైనుంచి గీకేస్తారు. లోపల ఇనుప తీగ, గాలి పోవడానికి గొట్టం. అచ్చు లోపలి ముఖాన్ని పొగతో నల్లబరుస్తారు, లోహానికి ఇసుక కాలి అంటుకోకుండా. కోర్‌నీ అచ్చునీ పొయ్యిలో ఆరబెట్టి, మూసి, బిగించి, పోస్తారు.

లోహం విషయానికొస్తే, 17వ శతాబ్దంలో వెర్సాయ్ విగ్రహాలు పోసిన కెల్లర్ సోదరుల మిశ్రమాన్ని పారిస్ పోతగాళ్లు ప్రమాణంగా చూసేవారు: రాగి 91.40 శాతం, జింక్ 5.53, తగరం 1.70, సీసం 1.37. తగరం గట్టిదనానికి, జింక్ పారడానికి, సీసం ఉలి కింద మెత్తగా తెగడానికి. జింక్ 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. రాగి కరిగేదే 1085 దగ్గర. అందుకే జింక్‌ను ఆఖర్న వేసి, కలిపి, వెంటనే పోస్తారు. ఆలస్యమైతే తెల్ల పొగగా ఎగిరిపోతుంది, మిశ్రమం పారడం మానేస్తుంది.

ఇసుక పోతలో లాభం: ఒకటి చెడితే మాతృక ఉంది, మరునాడే మళ్లీ అచ్చు కట్టొచ్చు. నష్టం: ఇసుక ముక్కల మధ్య సన్నటి రేకులు మిగులుతాయి, వాటిని రాకాలి. భాగాలను కుసులతో దూర్చి, అడ్డంగా పిన్ను కొట్టి, అతుకు మీద సుత్తితో లోహాన్ని పరిచి, ఉలితో బొచ్చు గీతలు దాని మీదుగా లాగాలి. ఈ చెక్కుడు పని ఎవరి చేతిలో పడిందన్నదే ప్రతి ధరను, విలువను నిర్ణయిస్తుంది. బారీ మాతృకను ఎంత లోతుగా సిద్ధం చేశాడంటే, ప్రతి మీద ఉలి పని వీలైనంత తగ్గాలి. బీరువాలో మాతృకనూ, దాని నుంచి వచ్చిన ప్రతినీ ఒకేసారి చూస్తే, మాతృకలో బొచ్చు కొంచెం అతిగా, లోతుగా కనిపిస్తుంది. ఇసుక మింగేసేదానికి ముందే లెక్కగట్టి ఇచ్చిన వడ్డీ అది.

గురువారం: బార్బెదియెన్ వీధులు

బారీకి లెక్కలు కుదరలేదు. 1845లో ఎమిల్ మార్తాన్‌తో కలిసి పెట్టిన కంపెనీ 1848 విప్లవంతో దెబ్బతింది. నమూనాలు మార్తాన్ చేతిలోకి వెళ్లాయి, బారీ వాటిని తిరిగి తీసుకోగలిగింది 1857లో. ఆయన పోయాక 1876లో వాటిని ఓతెల్ ద్రువో వేలంశాలలో వేలం వేశారు. ఎక్కువ నమూనాలు కొన్నది కంచు పోతల వ్యాపారి ఫెర్దినాన్ బార్బెదియెన్. ఆయన దుకాణం ఉన్న 30 బుల్వార్ పువాసోనియేర్ చిరునామా ఇప్పటికీ ఉంది, కిందంతా మామూలు వ్యాపారాలు. వర్క్‌షాపు రూ ద లాంక్రిలో, సెంత్-మార్తాన్ కాలువకు దగ్గర్లో. అక్కడ వందలమంది చెక్కేవాళ్లు, బిగించేవాళ్లు, రంగు పెట్టేవాళ్లు పని చేసేవారు.

బార్బెదియెన్ ఎదగడానికి మూలం ఆషిల్ కొలా కనిపెట్టిన తగ్గించే యంత్రం. అసలు విగ్రహమూ, ఖాళీ ప్లాస్టర్ దిమ్మా కలిసి తిరిగే రెండు పళ్లేల మీద ఉంటాయి. ఒక చేతికి మొద్దు సూది, అది అసలును తడుముతుంది. అదే చేతికి మరో చోట పదును సూది, దిమ్మను గీకుతుంది. ఇరుసు నుంచి రెండు సూదుల దూరాల నిష్పత్తే కొలత నిష్పత్తి. సగం, మూడో వంతు, ఏదైనా తీయొచ్చు. మొద్దు సూది దూరని సందులు మాత్రం మాయమవుతాయి, వాటిని మనిషి మళ్లీ చెక్కాలి.

బార్బెదియెన్ ప్రతులు చెత్తవని కొందరంటారు. ఒప్పుకోలేం. పోత శుభ్రం, అతుకులు దొరకవు. అయితే బొచ్చు ఒకే తీరుగా, వరుసగా, జాగ్రత్తగా ఉంటుంది. బారీ తన దుకాణంలో పోయించినవాటిలో గీత గరుకుగా, కండ మీద రంగు పొరలు పొరలుగా ముదురు ఆకుపచ్చ నుంచి గోధుమకు మారుతూ ఉంటుంది. ఒకదానిలో జంతువు, మరోదానిలో మంచి వస్తువు. బార్బెదియెన్ బారీల మీద పేరుతో పాటు చాలాసార్లు చిన్న బంగారు రంగు 'ఎఫ్.బి.' ముద్ర కనిపిస్తుంది.

రంగు గురించి: కంచును వేడి చేసి, రాగి, ఇనుము లవణాల ద్రావణాన్ని కుంచెతో అద్దుతారు. గంధకపు లవణాల ద్రావణం గోధుమ, నలుపు ఇస్తుంది, రాగి నైట్రేట్ ఆకుపచ్చ. వేడి తక్కువైతే రంగు పట్టదు, ఎక్కువైతే పొర పొట్టులా రాలుతుంది. ఆఖర్న వెచ్చగా ఉండగానే మైనం రుద్దుతారు.

ద్రువో వేలంశాలలో అమ్మకానికి ముందు వస్తువులను అందరికీ చూపిస్తారు. ప్రవేశం ఉచితం. అడిగితే చేతికిస్తారు, తిరగేసి చూడొచ్చు. మ్యూజియంలో దొరకని అదృష్టం ఇది, గురువారం మధ్యాహ్నమంతా ఇందుకే.

శుక్రవారం: బీ గ్రామం

గార్ ద లియోన్ నుంచి ఆర్ లైన్‌లో తొమెరి దిగి, అడవి అంచున నడిస్తే బీ. చిత్రకారిణి రోజా బొనర్ 1859లో కొన్న ఇల్లు. ముందే బుక్ చేసుకోవాలి. గుర్రాల సంత చిత్రంతో ప్రపంచానికి తెలిసిన ఆమె, గొర్రెలు, ఎద్దులు కంచులోనూ చేసింది. తమ్ముడు ఇసిదోర్ అదే పనికి జీవితమంతా ఇచ్చాడు. ఇద్దరి నమూనాలనూ పోసింది బంధువు పెయ్‌రోల్ ఫౌండ్రీ. ఇసిదోర్ ఎద్దుల్లో మెడ కింద వేలాడే గంగడోలు చూడండి. పలుచగా, ఖాళీగా పోశారు. చర్మం బరువు కనిపిస్తుంది. ఇల్లు, స్టూడియో చూడ్డానికి సగం రోజు చాలు.

శనివారం: సెంత్-ఊవాన్ పాత సామాను సంత

కంచు జంతువులు ఇక్కడ వరసకట్టి ఉంటాయి. ప్యేర్-జూల్ మేన్ కుక్కలు, గుర్రాలు ఎక్కువ. ఆయన (1810–1879) తన ఫౌండ్రీ తానే నడిపాడు, అల్లుడు కేన్ 1894 దాకా కొనసాగించాడు, ఆ తర్వాత నమూనాలు సూస్ సంస్థకు వెళ్లాయి. మేన్ సొంత ప్రతుల్లో కళ్లేలు, జీను పట్టీలు, గుర్రం నోటి మూల ఎంతో శుభ్రంగా ఉంటాయి. కొనేముందు చూడాల్సినవి అక్కడక్కడ అడుగుతూ తిరిగితే తేలినవి ఇవి.

తిరగేయండి. లోపల ఇసుక రంగు ముద్ద అవశేషాలు, చేత్తో కోసిన మరలు, చతురస్రపు ఇనుప నట్లు పాత పనికి సూచన. మెరిసే షట్కోణపు నట్టు, ఏకరీతి మరలుంటే కొత్తది, లేదా మరమ్మతుది. గోడ మందం వేలితో తడమండి, బాగా పోసినది ఎక్కడా ఒక్కసారిగా మారదు.

కొలవండి. కంచు గడ్డకట్టి చల్లారేటప్పుడు సుమారు ఒకటిన్నర శాతం కుంచించుకుంటుంది. మంచి ప్రతి మాతృక కంటే అంత చిన్నది. ఎవరైనా ఆ ప్రతినే నమూనాగా పెట్టి మళ్లీ పోస్తే, ఇంకో ఒకటిన్నర శాతం పోతుంది. 30 సెంటీమీటర్ల గుర్రం సుమారు 29.5 అవుతుంది. మ్యూజియం కొలత జేబులో రాసుకుని వెళ్లండి. పీఠం కొలత నమ్మొద్దు, అది మార్చేసి ఉండొచ్చు. ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలవండి. కొలతతో పాటు చెవి లోపలి గుంట, గిట్ట మీది చీలిక చూడండి, నకలు నకల్లో అవే ముందు నిండిపోతాయి. సంతకం అక్షరాల అంచులు కూడా కరిగినట్టు గుండ్రంగా ఉంటాయి.

గోరంత చోట, అడుగున, గీయండి. అమ్మేవాడి అనుమతితో. పసుపు-ఎరుపు వస్తే కంచు. బూడిద తెలుపు వస్తే రంగు పూసిన జింక్ మిశ్రమం, ఇక్కడ దాన్ని రెగ్యూల్ అంటారు. వేలితో కొడితే మోగదు, తోక దగ్గర సులువుగా విరుగుతుంది, ధర పదో వంతు కూడా ఇవ్వకండి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము.

ఈ సంతలో 'నడిచే పులి' ఏదైనా కనిపిస్తే చివరిగా భుజాలు చూడండి. ఒకటి పైన, ఒకటి కింద ఉండాలి.